ప్రహరీ లేని ప్యాకేజీలు

జావా ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవారు మొదటి కొన్ని నెలలు ప్యాకేజీల (క్లాసులనే ప్రోగ్రాము భాగాలను ఒక పేరు కింద చేర్చే గుంపుల) జోలికి పోకుండానే గడిపేయవచ్చు. ఒంగోలులోనైనా, నెల్లూరులోనైనా, కావలిలోనైనా ఇంజనీరింగ్ విద్యార్థుల ల్యాబు అభ్యాసాలు చాలావరకు ఒకే ఫోల్డరులో పేరుకుంటాయి. ప్రతి ఫైలు నెత్తిన ‘ఇంపోర్ట్ జావా.యుటిల్.స్టార్’ అనే వరుస ఉంటుంది. ఆ వరుస ఏం చేస్తుందని అడిగితే ‘యుటిల్ లైబ్రరీని మన ప్రోగ్రాములోకి తెస్తుంది’ అనే జవాబు వస్తుంది. ఆ జవాబు సరైనది కాదు. పరీక్షలో మార్కులు పోయేంత తప్పు కాకపోవచ్చు గానీ, ఆ అపోహే కొన్నేళ్ల తరువాత వందల క్లాసులున్న ప్రోగ్రామును విప్పడానికి వీల్లేని చిక్కుముడిగా మారుస్తుంది. ఇంపోర్టును సరుకు తెచ్చుకోవడంగా చూసేవారు ప్యాకేజీని ఆ సరుకు సర్దుకునే అలమరగా మాత్రమే చూస్తారు. నిజానికి ప్యాకేజీ చేసే పనులు రెండు: క్లాసుకు మరెక్కడా కలవని పేరునిస్తుంది, దాని చుట్టూ ప్రహరీ కడుతుంది. మొదటి పని అందరికీ తెలిసిందే. రెండో పనిని చాలామంది వాడుకోకుండానే ఉద్యోగాల్లో స్థిరపడిపోతున్నారు.

ముందు ఇంపోర్టు సంగతి తేల్చుకోవాలి. సి భాషలో ‘ఇన్‌క్లూడ్’ అని రాస్తే ఆ హెడర్ ఫైలులోని పాఠమంతా అక్షరాలా అక్కడికి వచ్చి అతుక్కుంటుంది. జావాలో అలాంటిదేమీ జరగదు. ప్రతి క్లాసుకూ ‘జావా.యుటిల్.అర్రేలిస్ట్’ వంటి పూర్తి పేరు ఒకటి ఉంటుంది, ఇంపోర్టు లేకుండా ఆ పూర్తి పేరునే ప్రతిచోటా రాసినా ప్రోగ్రాము నిక్షేపంగా నడుస్తుంది. ‘ఈ ఫైలులో అర్రేలిస్ట్ అని పొట్టిగా రాస్తే ఫలానా పూర్తి పేరు అని అర్థం చేసుకో’ అని కంపైలరుకు (మనం రాసినదాన్ని యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాముకు) ముందుగా చెప్పి ఉంచడమే ఇంపోర్టు. కంపైలర్ తయారుచేసే క్లాసు ఫైలులో పూర్తి పేర్లే ఉంటాయి, ఇంపోర్టు వరుసల జాడ ఉండదు. అందువల్ల ప్యాకేజీలోని క్లాసులన్నిటికీ గుర్తైన స్టార్ పెడితే ప్రోగ్రాము బరువెక్కుతుందనీ, నెమ్మదిస్తుందనీ అనుకోవడం కూడా భ్రమే. ఏ క్లాసైనా దాని అవసరం పడినప్పుడే మెమరీలోకి వస్తుంది. ‘జావా.లాంగ్’ ప్యాకేజీకి ఇంపోర్టు అక్కర్లేకపోవడానికి కారణం కూడా ఇంతే: స్ట్రింగ్, సిస్టమ్ వంటి పేర్లు లేనిదే ఒక్క వరుస కూడా సాగదు కాబట్టి వాటి పొట్టి పేర్లను కంపైలర్ తనంతట తానే గుర్తిస్తుంది.

ఇక పేరు పెట్టే పద్ధతి. దీన్ని అర్థం చేసుకోవడం తెలుగువారికి మిగతావారికన్నా తేలిక. ఉత్తరం మీద చిరునామా రాసేటప్పుడు ఇంటి నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా అంటూ చిన్నదాని నుంచి పెద్దదానికి పోతాము. ఇంటర్నెట్ డొమైన్ పేర్లు కూడా ఆ వరుసలోనే ఉంటాయి. అన్నిటికన్నా పెద్దదైన ‘కామ్’ లేదా ‘ఇన్’ చివర వస్తుంది. మనిషి పేరు రాసేటప్పుడు మాత్రం మనం ఇంటిపేరు ముందు రాసి, సొంత పేరు తరువాత రాస్తాము. జావా ప్యాకేజీ ఆ ఇంటిపేరు పద్ధతినే పాటిస్తుంది. సంస్థ డొమైన్‌ను తిరగేసి ముందు పెట్టి, తరువాత పని పేరు, చివర క్లాసు పేరు రాస్తుంది. ఒక డొమైన్ ఒకే సంస్థ చేతిలో ఉంటుంది కాబట్టి, ప్రపంచంలో ఎవరూ ఎవరినీ సంప్రదించకుండానే కలవని పేర్లు పెట్టుకోవచ్చు. రామాపురం, కొత్తపాలెం వంటి ఊరి పేర్లు ఎన్నిచోట్ల ఉన్నా మండలం పేరు చేరగానే తికమక పోయినట్టే, ‘డేట్’ అనే క్లాసు ‘జావా.యుటిల్’లో ఒకటి, ‘జావా.ఎస్క్యూఎల్’లో ఇంకొకటి ఉన్నా పూర్తి పేర్లు వేరు కావడంతో భాషకు ఇబ్బంది ఉండదు.

ఇక్కడే ఒక మోసపు పోలిక ఉంది. చుక్కలతో కూడిన ఈ పేర్లు చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి, డిస్కు మీద ఫోల్డర్లు కూడా అలాగే ఒకదానిలో ఒకటి ఉంటాయి. కానీ జావా దృష్టిలో ‘జావా.యుటిల్’, ‘జావా.యుటిల్.రెజెక్స్’ తల్లీబిడ్డలు కావు, ఒకే అక్షరాలతో మొదలయ్యే రెండు వేర్వేరు పేర్లు మాత్రమే. ‘జావా.యుటిల్.స్టార్’ అని ఇంపోర్టు చేస్తే రెజెక్స్‌లోని ప్యాటర్న్ క్లాసు పొట్టి పేరు పనిచేయదు. ఒక ప్యాకేజీకి ఉన్న లోపలి హక్కులు దాని కింద ఉన్నట్టు కనిపించే ప్యాకేజీకి సంక్రమించవు. పేరు చూసి బంధుత్వం ఊహించుకుంటే జరిగే నష్టం ఎంతటిదో చివర్లో మళ్లీ ప్రస్తావనకు వస్తుంది.

ప్యాకేజీతో తొలి పరిచయం చాలామందికి ఒక ఎర్రర్‌తోనే జరుగుతుంది కనుక దాన్ని దగ్గరగా చూడడం మంచిది. నెల్లూరు తీరాన విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల లెక్కలు చూసే చిన్న ప్రోగ్రాము ఒకటి రాస్తున్నామనుకుందాం. ‘చెరువు’ అనే క్లాసు ‘లెక్కలు.చెరువులు’ అనే ప్యాకేజీలో ఉంది. (జావాలో పేర్లు యూనికోడ్ అక్షరాల్లో ఉండవచ్చు కాబట్టి కీలక పదాలు తప్ప మిగతా పేర్లు తెలుగు లిపిలో రాసినా కంపైలర్ ఒప్పుకుంటుంది, పనిచేసే చోట ఇంగ్లిషు లిపి వాడడం అలవాటు మాత్రమే.) ‘లెక్కలు’ ఫోల్డరులో ‘చెరువులు’ ఫోల్డరు, అందులో ‘చెరువు’ క్లాసు ఫైలు ఉన్నాయి. విద్యార్థి ఆ లోపలి ఫోల్డరులోకి వెళ్లి, ఫైలు కళ్లెదుటే ఉంది కదా అని ‘జావా చెరువు’ అని కొడతాడు. యంత్రం ఆ ఫైలును తెరుస్తుంది. లోపల రాసి ఉన్న పేరు ‘లెక్కలు.చెరువులు.చెరువు’, అడిగిన పేరు ఉత్త ‘చెరువు’. రెండూ కలవవు కనుక క్లాసు దొరకలేదనీ, పేరు తప్పనీ ఎర్రర్ వస్తుంది. ఫైలు కళ్లముందు ఉండగా దొరకలేదనడం అన్యాయంగా తోస్తుంది గానీ, ఇంటిపేరు లేకుండా పిలిస్తే ఆ క్లాసు పలకదు. ‘లెక్కలు’ ఫోల్డరుకు బయట నిలబడి పూర్తి పేరుతో పిలవాలి. క్లాసుపాత్ అంటే ఇలా ఎక్కడ నిలబడి వెతకాలో చెప్పే మాటే.

ప్యాకేజీ వరుసే రాయని క్లాసులు పేరులేని ప్యాకేజీలో పడతాయి. పేరున్న ప్యాకేజీలోని క్లాసు వాటిని ఇంపోర్టు చేసుకునే వీలే లేదు. ల్యాబు అభ్యాసాలకు అది చాలు, అంతకు మించి దేనికీ చాలదు.

పొట్టి పేర్ల విషయంలో అజాగ్రత్త ఏం చేస్తుందో జావా చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1996లో వచ్చిన తొలి జావాలో తెర మీద కనిపించే జాబితా పెట్టె కోసం ‘జావా.ఏడబ్ల్యూటీ’ ప్యాకేజీలో ‘లిస్ట్’ అనే క్లాసు ఉండేది. ‘జావా.ఏడబ్ల్యూటీ.స్టార్’, ‘జావా.యుటిల్.స్టార్’ రెండూ పెట్టుకుని ‘లిస్ట్’ అని రాసుకున్న ప్రోగ్రాములు చక్కగా నడిచాయి. 1998లో వచ్చిన 1.2 వెర్షన్‌లో ‘జావా.యుటిల్’లో కూడా ‘లిస్ట్’ వచ్చి చేరింది. ఒక్క అక్షరం మార్చకపోయినా ఆ ప్రోగ్రాములు కొత్త వెర్షన్‌లో కంపైల్ కావడం మానేశాయి, ఏ లిస్టో కంపైలర్ తేల్చుకోలేకపోయింది కాబట్టి. కావలసిన క్లాసును పేరుపెట్టి ఇంపోర్టు చేసుకున్నవారికి ఈ బాధ లేదు, ఎందుకంటే పేరుపెట్టి చెప్పిన ఇంపోర్టు స్టార్ ఇంపోర్టులను కప్పేస్తుంది. స్టార్ వాడితే వేగం తగ్గుతుందనే భయం ఉత్తదే. రేపు ఎవరో ఆ ప్యాకేజీలో చేర్చబోయే పేరుకు ఇవాళే తలుపు తెరిచి ఉంచడం అసలు నష్టం. 2025లో వచ్చిన జావా 25 ఒక మాడ్యూలు (కొన్ని ప్యాకేజీల కూటమి) మొత్తాన్ని ఒకే వరుసలో ఇంపోర్టు చేసుకునే వసతి ఇచ్చింది. కొత్తగా నేర్చుకునేవారికీ చిన్న ప్రోగ్రాములకూ అది హాయిగా ఉంటుంది. అయితే ‘జావా.బేస్’, ‘జావా.డెస్క్‌టాప్’ మాడ్యూళ్లు రెండింటినీ అలా ఇంపోర్టు చేస్తే అదే లిస్ట్ తగాదా మళ్లీ ఎదురవుతుంది, అప్పుడు పేరుపెట్టి చెప్పక తప్పదు.

పైథాన్‌లో ఇంపోర్టు స్వభావమే వేరు. అక్కడ ఇంపోర్టు చేయడమంటే ఆ ఫైలును మొదటిసారి నిజంగా నడిపించి, తయారైన మాడ్యూలును గుర్తుంచుకోవడం. అందుకే ‘ర్యాండమ్’ అని సొంత ఫైలుకు పేరు పెట్టుకున్నవారికి భాషతో వచ్చిన ర్యాండమ్ మాడ్యూలు బదులు సొంత ఫైలే దొరికి, లోపం ఎక్కడుందో అంతుపట్టదు. రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి ఇంపోర్టు చేసుకుంటే సగం నడిచిన మాడ్యూలు చేతికొచ్చి ప్రోగ్రాము ఆగిపోవచ్చు. జావాలో ఇంపోర్టు పేరు వరకే పరిమితం కాబట్టి అలా ఆగదు. దాని పర్యవసానం మంచిదేమీ కాదు. ఆ సంగతి ముందుకు వెళ్లాక.

ఇప్పుడు ప్రహరీ. జావాలో క్లాసు ముందు గానీ మెథడ్ (క్లాసు చేసే ఒక్కో పని) ముందు గానీ పబ్లిక్, ప్రైవేట్ అనే మాటలేవీ రాయకపోతే అది ఆ ప్యాకేజీలోని వారికే కనిపిస్తుంది. భాష తనంతట తానుగా ఇచ్చే రక్షణ ఇది. ఏమీ రాయకపోవడమే చాలు. అయినా ‘పబ్లిక్ క్లాస్’ అనే రెండు మాటలు జంటగా చేతికి అలవాటైపోయి, కొత్త ఫైలు తెరవగానే వేళ్లు వాటినే కొడతాయి. ఫలితంగా ప్యాకేజీలు ఉంటాయి, వాటికి గోడలు ఉండవు.

గోడ ఎందుకన్నదానికి సమాధానం జావాకన్నా పాతది. ప్రోగ్రామును ఏ ప్రాతిపదిక మీద భాగాలుగా విడగొట్టాలి అనే ప్రశ్నను 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ ఒక వ్యాసంలో చర్చించారు. పని జరిగే వరుసక్రమాన్ని బట్టి విడగొట్టవద్దనీ, మారే అవకాశం ఉన్న ఒక్కొక్క నిర్ణయాన్ని ఒక్కొక్క భాగం తన లోపల దాచుకునేలా విడగొట్టాలనీ ఆయన వాదన. అర్ధశతాబ్దం దాటినా ప్యాకేజీలను అమర్చడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు.

రొయ్యల లెక్కల ప్రోగ్రాముకు దీన్ని వర్తింపజేసి చూద్దాం. రొయ్యల ధర కౌంటును బట్టి ఉంటుంది. వల తీసి, కిలో రొయ్యలు తూచి, ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. కిలోకు 40 తూగితే 40 కౌంటు, 50 తూగితే 50 కౌంటు. సంఖ్య తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. 40కి ఒక రేటు, 50కి ఒక రేటు ఉన్నప్పుడు చెరువు గట్టున లెక్కిస్తే 44 వచ్చాయనుకుందాం. రెండు రేట్ల మధ్య తేడాను దామాషాగా పంచాలా, 50 రేటే కట్టాలా? ఇది ప్రోగ్రామరు తేల్చేది కాదు, కొనేవారూ రైతూ మాట్లాడుకునేది. ఈ సీజనులో ఒకలా, వచ్చే సీజనులో ఇంకోలా ఉండవచ్చు. పార్నస్ చెప్పిన మారే నిర్ణయం అంటే సరిగ్గా ఇదే.

ఎక్కువ ప్రోగ్రాముల్లో కనిపించే అమరిక ప్రకారమైతే బయటి అభ్యర్థనలు అందుకునే కంట్రోలర్లన్నీ ఒక ప్యాకేజీలో, సర్వీసులన్నీ ఒక ప్యాకేజీలో, రిపాజిటరీలన్నీ ఒక ప్యాకేజీలో, మోడళ్లన్నీ ఇంకొక ప్యాకేజీలో ఉంటాయి. చూడడానికి చక్కగా సర్దినట్టే ఉంటుంది. కానీ కౌంటు ధర లెక్కగట్టే సర్వీసు, ఆ రేట్లను భద్రపరిచే రిపాజిటరీ, రేటు అనే మోడల్ మూడు వేర్వేరు ప్యాకేజీల్లో పడతాయి కాబట్టి, ఒకదానికొకటి కనిపించాలంటే మూడూ పబ్లిక్ కావలసిందే. పబ్లిక్ అయ్యాక అవి ఆ మూడింటికే కాదు, ప్రోగ్రాములోని ప్రతి క్లాసుకూ కనిపిస్తాయి. మేత లెక్కలు రాసే వ్యక్తికి ఎప్పుడో రేటు అవసరమవుతుంది. కౌంటు ధర క్లాసును అడగకుండా నేరుగా రేట్ల రిపాజిటరీనే ఇంపోర్టు చేసుకుని, తనకు తోచినట్టు 44ను 50 కింద లెక్కగడతాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, కంపైలర్ వద్దనలేదు అంతే. మరుసటి సీజనులో దామాషా పద్ధతి వస్తే ఒకచోట మార్చి, రెండోచోటు ఉన్నదనే తెలియక వదిలేస్తారు. రైతు చేతికి వెళ్లిన బిల్లులో ఒక మొత్తం, సీజను చివరి నివేదికలో ఇంకొక మొత్తం కనిపిస్తాయి. ఆ తేడాను వెతకడానికి పోయే రోజులు ఎవరి ఖాతాలోనూ పడవు.

పనిని బట్టి అమర్చితే ‘చెరువులు’, ‘మేత’, ‘కొనుగోలు’, ‘చెల్లింపులు’ అనే ప్యాకేజీలు వస్తాయి. ‘కొనుగోలు’ ప్యాకేజీలో కౌంటునూ బరువునూ తీసుకుని మొత్తం చెప్పే ఒకే ఒక క్లాసు పబ్లిక్‌గా ఉంటుంది. రేటు, రేట్ల రిపాజిటరీ, మధ్య కౌంటును తేల్చే క్లాసు పబ్లిక్ అనే మాట లేకుండా లోపలే ఉంటాయి. మేత లెక్కలు రాసే వ్యక్తి రేట్ల రిపాజిటరీని ఇంపోర్టు చేయబోతే కంపైలర్ అక్కడికక్కడే ఆపుతుంది. జట్టులో ఎవరూ ఎవరికీ నియమాలు గుర్తుచేయనక్కర్లేదు. లోపలి క్లాసులను పరీక్షించడం కష్టమవుతుందన్న అభ్యంతరం కూడా నిలవదు, పరీక్ష క్లాసులు వేరే ఫోల్డరు చెట్టులో ఉన్నా అదే ప్యాకేజీ పేరు పెట్టుకోవచ్చు కాబట్టి గోడ లోపలివారిగానే చెల్లుతాయి. ఈ అమరికకు ఒక ఖర్చు లేకపోలేదు: ప్యాకేజీ పెద్దదైతే దాన్ని ఉపభాగాలుగా విడగొట్టలేము, విడగొట్టిన వెంటనే లోపలి హక్కులు పోతాయి. అయినా ఒక ప్యాకేజీలో ఇరవై ముప్పై ఫైళ్లు కలిసి ఉండడం, గోడలు లేకుండా నాలుగు చక్కని ఫోల్డర్లు ఉండడంకన్నా మేలు.

ఇతర భాషలు పేరునూ ప్రహరీనీ ఎలా చూశాయో గమనిస్తే జావా ఎంచుకున్నది స్పష్టపడుతుంది. సి షార్ప్‌లో నేమ్‌స్పేస్ పేరు కోసమే. దానికి గోడ లేదు. ‘ఇంటర్నల్’ అనే గోడ అసెంబ్లీ చుట్టూ, అంటే కంపైల్ అయి వచ్చే ఫైలు చుట్టూ ఉంటుంది. సి ప్లస్ ప్లస్ నేమ్‌స్పేస్ కూడా పేరుకే. పైథాన్‌లో గోడ లేదు; పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టడం ఒక విన్నపం మాత్రమే, కాదనేవారిని ఆపే శక్తి దానికి లేదు. జావా రెండు పనులనూ ఒకే ప్యాకేజీకి అప్పగించింది కనుక పేరును బాగా ఎంచుకోకపోతే గోడ కూడా తప్పుచోట పడుతుంది.

జావా గోడకు ఉన్న లోటు వేరొకటి. ఒక ప్యాకేజీ పక్క ప్యాకేజీకి ఏదైనా చూపించాలంటే పబ్లిక్ చేయాలి, పబ్లిక్ చేస్తే లోకానికంతటికీ చూపించినట్టే. ఇంటికీ వీధికీ మధ్య గోడ ఉంది గానీ ఊరికి పొలిమేర లేదు. 2017లో జావా 9తో వచ్చిన మాడ్యూళ్లు ఆ పొలిమేరను ఏర్పరిచాయి. మాడ్యూలు తాను ఏ ప్యాకేజీలను బయటివారికి ఇస్తుందో, తనకు ఏ మాడ్యూళ్లు అవసరమో ఒక ఫైలులో ప్రకటించాలి. ప్రకటించని ప్యాకేజీలోని పబ్లిక్ క్లాసు కూడా బయటికి కనిపించదు. ఒకే ప్యాకేజీ పేరును రెండు మాడ్యూళ్లు పంచుకోవడం కుదరదు. మాడ్యూళ్లు ఒకదానిపై ఒకటి చక్రంలా ఆధారపడడాన్నీ కంపైలర్ ఒప్పుకోదు. ప్యాకేజీల స్థాయిలో మాత్రం ‘కొనుగోలు’ చెల్లింపులనూ, ‘చెల్లింపులు’ కొనుగోలునూ ఇంపోర్టు చేసుకుంటే జావా నిరాటంకంగా కంపైల్ చేస్తుంది. పైథాన్‌లా ఆగిపోయి ఉంటే ఆ రోజే సరిదిద్దేవారు. ఆగకపోవడం వల్ల రెండు ప్యాకేజీలు మెల్లగా కలిసి ఒకటైపోతాయి, విడిగా ఒకదాన్ని తీసి మరోచోట వాడుకోవడం అసాధ్యమవుతుంది. అందుకే కొత్త ప్రోగ్రాము చేతికి వచ్చినప్పుడు మెథడ్లకన్నా ముందు ఇంపోర్టు వరుసలు చదవాలి. ఎవరు ఎవరిమీద ఆధారపడ్డారో అక్కడ దాచడానికి వీలుండదు. ఎడిటర్లు ఆ వరుసలను మడిచి కనపడకుండా ఉంచడం సౌకర్యం కోసమే అయినా, దానివల్ల చూడవలసినదే చూపు తప్పుతోంది.

పేరు మారినప్పుడు ఏం జరుగుతుందన్నది మిగిలింది. కందుకూరు వాసులకు ఇది చెప్పనక్కర్లేదు. 1970 వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ ఊరు ఆ ఏడు ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4న కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో చేరింది. ఇళ్లూ వీధులూ కదల్లేదు, చిరునామా మారింది. జావాలో ఇలాంటి మార్పు 2020 చివర జరిగింది. పెద్ద సంస్థల ప్రోగ్రాముల కోసం ఉన్న జావా ఈఈ బాధ్యతను జావా యజమాని ఒరాకిల్ 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించాలని నిర్ణయించింది గానీ, దాని ప్యాకేజీల పేర్లకు మొదట ఉండే ‘జావాఎక్స్’ పేరు కింద మార్పులు చేసుకునే హక్కు విషయంలో ఒప్పందం కుదరలేదు. దాంతో జావా ఈఈకి కొత్త పేరైన జకార్తా ఈఈ 9వ వెర్షన్‌లో ఆ ప్యాకేజీలన్నిటి మొదటి మాట ‘జావాఎక్స్’ నుంచి ‘జకార్తా’ అయింది. క్లాసులు చేసే పని దాదాపుగా అదే. పూర్తి పేరే క్లాసు ఉనికి కాబట్టి పాత పేరుతో కంపైలైన లైబ్రరీకి కొత్త పేరుతో ఉన్న క్లాసు పరాయిదే. 2022 నవంబరులో జావా ప్రోగ్రాములకు ఆధారంగా వాడే స్ప్రింగ్ బూట్ 3 ఆ కొత్త పేర్లకు మారడంతో దాన్ని వాడే జట్లన్నీ తమ ఇంపోర్టు వరుసలను తిరగరాయవలసి వచ్చింది.

ఎడిటరులో ‘జావాఎక్స్’ ఉన్నచోటల్లా ‘జకార్తా’ అని ఒక్క దెబ్బకు మార్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. 2022లో జిల్లాల విభజనప్పుడు ప్రకాశం అని ఉన్న ప్రతి చిరునామాలోనూ నెల్లూరు అని రాసేయడం ఎంత సబబో ఇదీ అంతే సబబు. అప్పుడు కందుకూరు నెల్లూరుకు వెళ్లింది, చీరాల బాపట్లకు వెళ్లింది, ఒంగోలు ప్రకాశంలోనే ఉండిపోయింది. అలాగే ‘జావాఎక్స్.స్వింగ్’, ‘జావాఎక్స్.ఎస్క్యూఎల్’, ‘జావాఎక్స్.క్రిప్టో’ మూల జావాకు చెందినవి కనుక పాత పేర్లతోనే ఉండిపోయాయి. ‘జావాఎక్స్.ట్రాన్సాక్షన్’ ప్యాకేజీ జకార్తాకు మారింది. దాని బిడ్డలా కనిపించే ‘జావాఎక్స్.ట్రాన్సాక్షన్.ఎక్స్ఏ’ మాత్రం మారలేదు. చుక్క చూసి బంధుత్వం కలుపుకుని రెండింటినీ కలిపి మార్చినవారి ప్రోగ్రాములో కంపైలర్ ‘జకార్తా.ట్రాన్సాక్షన్.ఎక్స్ఏ’ కోసం వెతుకుతుంది. ఆ పేరుతో ప్యాకేజీ ఏదీ లేదు.